స్విచ్ వేయగానే పాట

(కంప్యూటర్ల మీద ఆసక్తి ఉన్న కొద్దిమంది ముందు ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? సరే.

మా తాతగారి ఇంట్లో ఒక వాల్వు రేడియో ఉండేది. మీట తిప్పితే ముందు దాని ముఖం మీద పసుపుపచ్చ దీపం వెలిగేది. ఇక కాసేపు ఏమీ జరిగేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. పిల్లలం నలుగురం దాని ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. అర నిమిషానికి ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు ఒక గొంతు మొదలై, మెల్లగా గదిలోకి వచ్చేది. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. టక్కున తిప్పితే టక్కున పాడింది. ఆ తర్వాత కంప్యూటర్లు తెచ్చుకున్నాం, వేల పాటలు వాటిలో పోసుకున్నాం. తీరా చూస్తే మళ్లీ చేతులు కట్టుకుని తెర ముందు కూర్చుంటున్నాం.

కొన్నాళ్ల కిందట మా నాన్నగారికి ఒక పాత లాప్‌టాప్‌లో పాటలన్నీ పెట్టి ఇచ్చాను. ఆయనకు పొద్దున్నే కాఫీతో పాటు పాట కావాలి. మూడో రోజు ఫోన్ చేసి, "ఇది లేచి కూర్చునే లోపు నా కాఫీ చల్లారిపోతోందిరా" అన్నారు. స్విచ్ వేయగానే పాడే పెట్టె కట్టే ఈ పనిలో నేను దిగింది ఆ మాట పడలేకే.

ఈ బల్ల మీద చెక్క పెట్టె చూడండి. లోపల రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది. 2016లో వచ్చిన రకం, ఒక గిగాబైట్ మెమరీ. దాని నెత్తిన ధ్వని కోసం ఇంకో బుల్లి బోర్డు. మొదట దీన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ, వైఫై పక్క గదిలోకి వెళ్లడం అటుంచి, ఆ డబ్బా మూతే దాటలేదు. అప్పుడు వడ్రంగి చేత ఇది చేయించాను. ఇప్పుడు స్విచ్ వేస్తున్నాను, మీరు లెక్కపెట్టండి.

(సభలో లెక్క. ఎనిమిది దగ్గర వీణ మొదలైంది.)

ఎనిమిది. కాస్త తగ్గిస్తాను, లేకపోతే నా మాట మీరు వినరు. ఇదే బోర్డు, ఇదే పాట మొదట్లో ముప్ఫై తొమ్మిది సెకన్లు తీసుకునేది. బోర్డు మార్చలేదు. దానిలో కొత్తగా చేర్చింది కూడా దాదాపు ఏమీ లేదు. తీసేసినవే ఎక్కువ.

వేగం అనగానే మనకు గట్టి ప్రాసెసర్ గుర్తుకొస్తుంది. పెళ్లివారి బస్సు ఎప్పుడైనా వేళకు బయలుదేరడం చూశారా? ఆరింటికి అంటారు, ఎనిమిదవుతుంది. బస్సు ఇంజను చిన్నదనా? కాదు. డ్రైవర్ ఎప్పుడో వచ్చి కూర్చున్నాడు. బావగారు ఇంకా స్నానానికి వెళ్లలేదు, అంతే. ఆయన కోసం అత్తయ్య ఆగింది, అత్తయ్య కోసం పిల్లలు ఆగారు, పిల్లల కోసం బస్సు ఆగింది. కంప్యూటర్ లేచేటప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. పని చేయడానికి పట్టే కాలం తక్కువ, ఒకరి కోసం ఒకరు ఆగే కాలం ఎక్కువ. ఇంకా పెద్ద ఇంజను ఉన్న బస్సు తెచ్చినా బావగారి స్నానం తొందరగా అవదు.

ఈ మాట చెప్పడంలో నేను మొదటివాణ్ణి కాదు. 2008 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్ జరిగింది. లినక్స్ అంటే ఈ పెట్టెను కూడా నడిపే ఆపరేటింగ్ సిస్టం. ఇంటెల్‌లో పనిచేసే అర్జన్ వాన్ డి వెన్, ఔకె కోక్ అనే ఇద్దరు అక్కడ ఈఈఈ పీసీ అనే చిన్న లాప్‌టాప్‌లో లినక్స్‌ను 5 సెకన్లలో లేపి చూపించారు. అది అప్పట్లోనే చవకరకం యంత్రం. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఉన్నదాన్ని ఎంత తగ్గించగలం అని అడగలేదు. ఇంటి ఖర్చు రాసుకున్నట్టు ముందే పద్దు రాశారు. మొత్తం 5 సెకన్లు. యంత్రాన్ని నేరుగా నడిపే, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కు 1, తొలి పనులకు 1, తెర లేవడానికి 1, మిగతా డెస్క్‌టాప్‌కు 2. తన వాటాలో పట్టనిది ఏదైనా సరే, బయటికి నడవాల్సిందే. నెలజీతం మీద సంసారం నడిపే వాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

నేనూ పద్దు రాసుకున్నాను. తెర లేదు కాబట్టి రెండు పద్దులు మొదట్లోనే కొట్టేశాను. మిగిలింది మూడు మెట్లు. బోర్డు తనంతట తాను మేలుకోవడం ఒకటి, కెర్నెల్ లేవడం రెండు, పాడే ప్రోగ్రాం దాకా రావడం మూడు.

మొదటి మెట్టు మన చేతిలో ఎక్కువ లేదు. ఈ బోర్డులో ముందు మేలుకునేది అసలు ప్రాసెసర్ కాదు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగం. అది వ్యవస్థ అంతా ఉన్న ఎస్‌డీ కార్డు చదివి, కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చి, అప్పుడు ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. దీనికి రెండు మూడు సెకన్లు పోతాయి. రంగుల చదరం ఒకటి చూపిస్తుంది, దాన్ని ఆపేయవచ్చు. అంతకు మించి పెద్దగా గీరగలిగింది లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కెర్నెల్ తన గడియారాన్ని తాను లేచినప్పటి నుంచే లెక్కిస్తుంది. ఈ రెండు మూడు సెకన్లు దాని పద్దులో ఉండవు. అందుకే కంప్యూటర్ చెప్పే లెక్కను నమ్మి, నాలుగు సెకన్లలో లేచింది అని పండగ చేసుకోకండి. నేను ఫోనుతో వీడియో తీస్తాను. స్విచ్ మీద వేలు, స్పీకర్ ధ్వని రెండూ అందులో ఉంటాయి. నాన్నగారి కాఫీ చల్లారేది ఆ గడియారం ప్రకారమే.

కెర్నెల్ దగ్గర ఒక్క సంగతి మాత్రం ఆగి చెబుతాను, ఎందుకంటే నేను రెండు సాయంత్రాలు దాని మీద పోగొట్టుకున్నాను. లేచేటప్పుడు కెర్నెల్ పేజీల కొద్దీ కబుర్లు చెబుతుంది. ఫలానా చిప్పు దొరికింది, దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం వచ్చింది అంటూ. నేను తప్పులు చూసుకోవడానికి ఒక సీరియల్ తీగ తగిలించి, ఆ కబుర్లన్నీ దాని మీదుగా లాప్‌టాప్‌కు పంపుకున్నాను. ఆ తీగ వేగం 115200, అంటే సెకనుకు 11,520 అక్షరాలు. కబుర్లు ముప్ఫై వేల అక్షరాలు ఉన్నాయి. భాగించి చూడండి. రెండున్నర సెకన్లు కేవలం మాట్లాడటానికి! ఎందుకు ఆలస్యమవుతోందో చూద్దామని పెట్టిన తీగే ఆలస్యానికి కారణం. బూట్ వరసలో 'క్వయట్' అనే ఒక్క మాట చేర్చాను, నోరు మూసుకుంది.

ఇక మూడో మెట్టు. బస్సు ఆగేది ఇక్కడే. మామూలు డిస్ట్రిబ్యూషన్లలో, అంటే అన్నీ సర్ది ఇచ్చే లినక్స్ మూటల్లో, లేచే క్రమాన్ని నడిపేది సిస్టమ్‌డీ. దానిలో 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్' అని ఆజ్ఞ ఇస్తే ఏ సర్వీసు, అంటే వెనక నడిచే ఏ ప్రోగ్రాం, ఎంతసేపు తీసుకుందో వరసగా చెబుతుంది. పేరుకు తగ్గట్టే అది నిందల జాబితా. అందరూ దాన్ని చూసి పైనున్నవాణ్ణి కొడతారు. తప్పు. పైనున్నవాడు ఎవరినీ ఆపకుండా ఒక మూల తన పని చేసుకుంటూ ఉండవచ్చు. 'క్రిటికల్-చెయిన్' అని ఇంకో ఆజ్ఞ ఉంది. అది ఎవరి కోసం ఎవరు ఆగారో చెబుతుంది. బావగారు దొరికేది అందులో.

నా పెట్టెలో బావగారు నెట్‌వర్క్. వైఫై కలవాలి, రౌటర్ ఒక చిరునామా ఇవ్వాలి, అప్పటిదాకా 'నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగు' అనే సర్వీసు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాటలేమో పెట్టెలోనే ఉన్నాయి! మామూలు లినక్స్ లేచే క్రమం ఆఫీసు కోసం రాసినది. ముందు నెట్‌వర్క్, తర్వాత సమయం, ఆపై లాగిన్, అన్నీ అయ్యాక మీ పని. పాటల పెట్టెకు ఇది తలకిందులుగా ఉండాలి. సౌండ్ కార్డు, పాటల డిస్కు, పాడే ప్రోగ్రాం. పాట మొదలయ్యాక వైఫై నిదానంగా రావచ్చు. ఫోనులో పాట మార్చే సౌకర్యం ఇంకో పది సెకన్లకు వస్తుంది, ఎవరికి తొందర?

ఈ నెట్‌వర్క్ ఆగుడు తీసేసి, బ్లూటూత్, ప్రింటర్ల సర్వీసు, తనంతట తానే అప్‌డేట్లు వెతికే సర్వీసు ఆపేస్తే ముప్ఫై తొమ్మిది కాస్తా ఇరవై దగ్గరికి వచ్చింది. అరగంట పని. మీలో చాలామంది ఇక్కడ ఆగిపోవచ్చు, ఆగితే తప్పు లేదు.

ఇంకా కావాలంటే పునాది మార్చాలి. నేను కొన్నాళ్లు టైనీ కోర్ అనే బుల్లి లినక్స్ వాడాను. రాబర్ట్ షింగిల్‌డెకర్ అనే ఆయన 2008లో మొదలుపెట్టాడు. అంతకు ముందు 50 మెగాబైట్లలో పూర్తి డెస్క్‌టాప్ ఇచ్చిన డ్యామ్ స్మాల్ లినక్స్ మీద పనిచేసినవాడు. టైనీ కోర్‌లో తెర లేని భాగం ఇరవై మెగాబైట్ల లోపే. మన పెళ్లి ఫొటోలు నాలుగు పెడితే అంతకన్నా ఎక్కువవుతాయి. రాస్ప్‌బెర్రీ మీద పాటల కోసమే దాన్ని సర్ది పైకోర్‌ప్లేయర్ అని ఇస్తున్నారు. దాని అందం ఏమిటంటే, మొత్తం వ్యవస్థ మెమరీలోకి ఎక్కి అక్కడే బతుకుతుంది. కార్డు మీద రాయదు. మీరు చేసిన మార్పు నిలవాలంటే 'దాచుకో' అని విడిగా చెప్పాలి. నేను ఒక రాత్రి రెండు గంటల దాకా అన్నీ సర్ది, మురిసిపోయి, ఆ మాట చెప్పకుండా స్విచ్ తీసేశాను. పొద్దున చూస్తే కడిగిన పలక. ఆల్పైన్ లినక్స్‌లో కూడా ఇలాంటి పద్ధతి ఉంది, అక్కడా అదే జాగ్రత్త.

ఇప్పుడు మీరు విన్నది మాత్రం బిల్డ్‌రూట్‌తో కట్టినది. ఇది డిస్ట్రిబ్యూషన్ కాదు, వంటగది లాంటిది. ఒక పట్టిక ముందు పెడుతుంది. కెర్నెల్ ఏది, ఏ డ్రైవర్లు, ఏ ప్రోగ్రాములు అని గుర్తు పెట్టుకుంటూ పోతాం. తర్వాత మొదటి నుంచి అన్నింటినీ తానే వండుతుంది. నా లాప్‌టాప్‌లో మొదటిసారి గంటకు పైగా పట్టింది, కింద ఫ్యాను రొద చేసింది. కానీ చివరికి చేతికొచ్చే వ్యవస్థలో మీరు అడగనిది ఒక్కటీ ఉండదు. పాడే ప్రోగ్రాం ఎంపీడీ, అంటే మ్యూజిక్ ప్లేయర్ డీమన్. 2003 నుంచి ఉంది. దానికి ముఖం లేదు, వెనక కూర్చుని పాడుతుంది. ఫోను నుంచో, ఇంకో కంప్యూటర్ నుంచో 6600 అనే పోర్టుకు మాట పంపితే పాట మారుస్తుంది. మిగతా చిన్నాచితకా ఆజ్ఞలన్నీ బిజీబాక్స్ అనే ఒకే ప్రోగ్రాంలో ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక చిన్న ఫైలులో నేనే పది వరుసల్లో రాశాను. సిస్టమ్‌డీ లేదు.

ఇక్కడ ఒక దెబ్బ తగిలింది. అంతా సర్దాక లేపి చూస్తే, ముందు రోజు పదకొండు సెకన్లు పట్టిన పెట్టె ఆ రోజు పదిహేడు తీసుకుంది! ఎక్కడా తప్పు కనిపించదు. చివరికి ఎంపీడీ రాసిపెట్టుకున్న చిట్టా చూస్తే తెలిసింది. అది మరీ తొందరగా లేచింది. సౌండ్ కార్డు డ్రైవర్ ఇంకా తయారు కాలేదు. ఇది వెళ్లి తలుపు తట్టింది, లోపల ఎవరూ పలకలేదు. అప్పుడు ఎంపీడీ పది సెకన్లు ఊరుకుని మళ్లీ తడుతుంది. ఆ పది సెకన్లూ నాకు చుట్టుకున్నాయి. డ్రైవర్‌ను విడిగా తెచ్చుకునే మాడ్యూలుగా కాకుండా కెర్నెల్‌లోనే కలిపి కట్టాను. ఎంపీడీకి ముందు నాలుగు వరుసల స్క్రిప్టు పెట్టాను. సౌండ్ కార్డు కనిపించిందా అని సెకనులో పదోవంతుకు ఒకసారి తొంగి చూస్తుంది, కనిపించగానే ఎంపీడీని లేపుతుంది. అలా ఎనిమిదికి వచ్చింది.

ధ్వని గురించి చెప్పకుండా వదిలితే ఇది ఉత్త పరుగు పందెం అవుతుంది. ఈ బోర్డుకు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది. దానిలోంచి వచ్చే ధ్వనిని నిజమైన డాక్, అంటే అంకెలను ధ్వనిగా మార్చే చిప్పు, తయారు చేయదు. ఉన్న సరంజామాతో గబగబా స్విచ్ వేసి తీసి నెట్టుకొస్తారు. తంబురా శ్రుతి వెనక బుస్సుమని ఒక హోరు ఉంటుంది. అందుకే పైన ఆ బుల్లి బోర్డు. పీసీఎం5102 అనే చిప్పు దాని మీద ఉంది. ఐ2ఎస్ అనే తీగల మీదుగా అంకెలు తీసుకుని ధ్వనిగా మారుస్తుంది. దాని పేరు ఒక వరుసలో రాస్తే కెర్నెల్ గుర్తిస్తుంది.

ఇప్పుడు తెర మీద ఒక ఫైలు చూపిస్తున్నాను. /ప్రాక్/ఎసౌండ్ కింద సౌండ్ కార్డు సంచిలో హెచ్‌డబ్ల్యూ-పారమ్స్ అని ఉంటుంది. ఇది డిస్కు మీద ఉన్న ఫైలు కాదు, అడిగినప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడు రాసి ఇచ్చే జవాబు. ఈ క్షణాన సౌండ్ కార్డు లోపలికి ఏం వెళుతోందో అబద్ధం లేకుండా చెబుతుంది. చూడండి, 'రేట్: 44100' అని ఉంది. సీడీ నుంచి తీసిన పాటల వేగం ఇదే. సెకనుకు 44,100 నమూనాలు, అంటే ధ్వనిని అన్నిసార్లు కొలిచిన అంకెలు, ఒక్కొక్కటి 2 బైట్లు, ఎడమ కుడి రెండు. సెకనుకు 1,76,400 బైట్లు. గంట కచేరీ అయితే దాదాపు 635 మెగాబైట్లు. ఈ వింత సంఖ్య ఎక్కడిదంటే, తొలి రోజుల్లో ధ్వని అంకెలను వీడియో టేపుల మీద రాసేవారు. అమెరికా, జపాన్ పద్ధతిలో ఒక్కో క్షేత్రంలో, అంటే వీడియో బొమ్మలో సగంలో, 245 గీతలు, గీతకు 3 నమూనాలు, సెకనుకు 60 సార్లు. హెచ్చవేసి చూడండి.

మొదటిసారి నేను ఈ ఫైలు తెరిచినప్పుడు 48000 అని ఉంది. నాకు ఒళ్లు మండింది. నేను ఇచ్చింది 44,100, లోపలికి వెళుతున్నది 48,000. మధ్యలో ఎవరు కలిపారు నీళ్లు? లినక్స్‌లో ధ్వనికి అల్సా అనే అంచె ఉంది. దానిలో డీమిక్స్ అనే భాగం, ఇద్దరు ముగ్గురు ఒకేసారి పాడితే అందరినీ కలిపి పంపుతుంది. కలపాలంటే అందరూ ఒకే వేగంలో ఉండాలి కదా, అందుకని అది మామూలుగా 48,000 అని పెట్టుకుంటుంది. డెస్క్‌టాప్‌లో అది న్యాయమే. పాట మధ్యలో మెయిల్ వస్తే గంట మోగాలి. నా పెట్టెలో పాడేది ఒక్కరే, కలపడానికి రెండోవారు లేరు. ఎంపీడీ అమరికలో 'హెచ్‌డబ్ల్యూ:0,0' అని రాస్తే మధ్యవర్తులు లేకుండా నేరుగా కార్డుకే ఇస్తుంది. మరి తేడా వినిపించిందా అని అడగండి. నాకు వినిపించలేదు. అయినా ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఇక, ఈ విషయం మీద రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే భాగం. లేవడం గురించి అందరూ చెబుతారు. ఆపడం సంగతి ఏమిటి?

మొదటి పెట్టె నాన్నగారికి ఇచ్చినప్పుడు, ఆపే ముందు ఫోనులో ఈ మీట నొక్కి, ఆకుపచ్చ దీపం ఆగేదాకా చూసి, అప్పుడు స్విచ్ తీయాలి అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఫ్యాను ఆపడానికి ఎవరి అనుమతైనా తీసుకుంటామా?" అన్నారు. గోడ మీద స్విచ్ టప్పున తీసేవారు. పైగా మా ఊళ్లో కరెంటు ఎవరినీ అడిగి పోదు. నెల తిరక్కుండా కార్డు పోయింది. ఎర్ర దీపం వెలుగుతుంది, ఆకుపచ్చది మినుకు కూడా అనదు. ఎస్‌డీ కార్డు లోపల మనకు కనిపించని చిన్న సంసారం ఉంటుంది. ఒక చోట రాయమంటే పెద్ద ముక్కనే ఎత్తి ఇంకో చోట పెడుతుంది. ఆ ఎత్తిన సమయంలో కరెంటు పోతే, మీరు రాస్తున్న ఫైలే కాదు, దానితో ఏ సంబంధమూ లేని పక్క ఫైలు కూడా పోవచ్చు.

కాబట్టి మందు ఒక్కటే, రాయకపోవడం. నా పెట్టెలో మూల వ్యవస్థ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే రూపంలో ఉంది. నొక్కి కట్టిన మూట అది. రాయాలనుకున్నా రాయడానికి వీలు లేదు. పాటల డిస్కును కూడా చదవడానికి మాత్రమే తగిలిస్తాను. చిట్టాలు, తాత్కాలిక ఫైళ్లు మెమరీలో పుట్టి మెమరీలోనే పోతాయి. పాటల జాబితాను ముందే తయారు చేసి పెడతాను, లేకపోతే ప్రతిసారీ వేల ఫైళ్లు తడుముతూ కూర్చుంటుంది.

అయితే నాన్నగారికి ఇంకో కోరిక. ఆపిన చోటి నుంచే పాడాలి. ఆపిన చోటు గుర్తుండాలంటే ఎక్కడో ఒకచోట రాయాలి! ఇంత కట్టుదిట్టం చేసి, ఒక చిన్న కిటికీ తెరవక తప్పలేదు. 16 మెగాబైట్ల గది ఒకటి విడిగా కట్టాను. ఒక స్క్రిప్టు నిమిషానికి ఒకసారి ఎంపీడీని అడుగుతుంది, ఏ పాట, ఎన్నో సెకను అని. ఆ జవాబును పాత ఫైలు మీద రాయదు. కొత్త ఫైలులో రాసి, అది కార్డు దాకా చేరిందని నిర్ధారించుకుని, అప్పుడు దానికి పాత పేరు పెడుతుంది. మధ్యలో ఎప్పుడు కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా ఉంటుంది. పోతే ఆ చిన్న గది పోతుంది, ఇల్లు నిలుస్తుంది. పద్నాలుగు నెలలైంది, కార్డు మార్చలేదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాటల పేర్లు తెలుగులో పెట్టుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చారనుకోండి. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. దాన్ని తగిలించేటప్పుడు 'యూటీఎఫ్8', అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి, అని చెప్పకపోతే ప్రతి అక్షరం ప్రశ్నార్థకం అవుతుంది. నా జాబితాలో మూడు వందల ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి, పోలీసు విచారణలా. పెద్ద డిస్ట్రిబ్యూషన్లలో ఇది ముందే సర్ది ఉంటుంది. మనమే కట్టుకున్న ఇంట్లో మనమే గుర్తు పెట్టుకోవాలి. పెట్టెకు రెండు వరుసల చిన్న తెర పెట్టి పాట పేరు చూపిద్దామని కూడా ఆశపడ్డాను. ఆ తెర చిప్పులో మనం సొంతంగా గీసుకోగల అక్షరాలు ఎనిమిదే. ఒత్తులు, గుణింతాలు ఉన్న మనకు ఎనిమిదితో ఏమవుతుంది? తీసి పక్కన పడేశాను.

గడియారం సంగతి కూడా చెప్పాలి. ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్‌వర్క్‌ను వెనక్కి నెట్టాను కదా, సమయం అడగడానికి ఎవరూ లేరు. పెట్టె లేచిన ప్రతిసారీ 1970 జనవరి 1 అనుకుంటుంది. పాడటానికి దానితో పని లేదు. కానీ అయిదున్నరకు తానే సుప్రభాతం వేయాలని మా అమ్మ కోరిక. ఒకరోజు వైఫై రాక, అది తన లెక్కలో అయిదున్నర అయ్యేదాకా ఆగి, మధ్యాహ్నం మేం భోంచేస్తుంటే దేవుణ్ణి నిద్ర లేపింది. డీఎస్3231 అనే గడియారం చిప్పును ఒక గుండీ బ్యాటరీతో తగిలించాను, సమస్య తీరింది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ప్రశ్న: రియల్-టైమ్ కెర్నెల్ వేస్తే ధ్వని ఇంకా బాగుంటుందని చెబుతారు. మీరు వేశారా?

వేయలేదు. అడిగిన పనికి గడువు తప్పకుండా పలికేలా సర్దిన కెర్నెల్ అది. ఆ మార్పులు చాలా ఏళ్లు బయట ఉండి, 2024లో వచ్చిన 6.12తో అసలు కెర్నెల్‌లోనే కలిశాయి. మీరు మైకు ముందు పాడుతూ, ఆ ధ్వనిని అప్పటికప్పుడు మార్చి చెవిలో వినాలంటే అది కావాలి. అక్కడ కొన్ని మిల్లీసెకన్లు కూడా తేడా చేస్తాయి. ఇక్కడ పాట ముందే డిస్కు మీద ఉంది. కొంత ముందే తెచ్చి బఫర్‌లో పోసుకుని నిదానంగా పంపుతుంది. బిందె నిండుగా ఉన్నప్పుడు కుళాయి ఒక క్షణం ఆగితే ఏమవుతుంది?

ప్రశ్న: సార్, మా ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది. దానితో చేయొచ్చా?

చేయండమ్మా, కొత్తది కొనకండి. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి, సగం పని అక్కడే అయిపోతుంది. బయోస్‌లోకి, అంటే యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రాంలోకి, వెళ్లి, నెట్‌వర్క్ నుంచి బూట్ కావడం, సీడీ కోసం వెతకడం లాంటివి ఆపేయండి. టైనీ కోర్ వేయండి. చవకైన యూఎస్‌బీ డాక్ ఒకటి తగిలిస్తే ధ్వని కూడా కుదురుతుంది. నా ఎనిమిది మీకు రాకపోవచ్చు, బయోసే కొన్ని సెకన్లు తినేస్తుంది. ఇంకోటి, మీ యాంప్లిఫయర్ ఏది? కొన్నింటిలో స్విచ్ వేశాక లోపల రిలే టక్కుమనడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. స్పీకర్లు దెబ్బతినకుండా పెట్టిన ఏర్పాటు అది. దాన్ని చూసి లినక్స్‌ను తిట్టకండి.

ప్రశ్న: పాట మధ్యలో ప్లగ్గు పీకినా ఏమీ కాదంటున్నారు. ఇప్పుడు పీకి చూపిస్తారా?

నేనెందుకు, మీరే రండి. మొహమాటపడకండి, మా నాన్నగారు రోజూ చేసే పనే. ఆ, అదే తీగ. లాగండి.

(వీణ ఆగింది.)

ఇప్పుడు మళ్లీ పెట్టండి. లెక్క మీదే.

(సభలో లెక్క. ఎనిమిది దాటింది. తొమ్మిది దగ్గర వీణ మొదలైంది.)

తొమ్మిది. ఈసారి లెక్కపెట్టినవారు కాస్త తొందరపడ్డారని నా అనుమానం. వింటున్నారా, ఈ ముక్క ఇందాక వాయించిందే. స్క్రిప్టు నిమిషానికి ఒకసారి కదా రాసేది, మీరు దానికి కాస్త ముందు లాగారు. నాన్నగారు దీని మీద మాత్రం ఇప్పటిదాకా ఫిర్యాదు చేయలేదు, మంచి సంగతి రెండోసారి వస్తే ఆయనకు ఇష్టమే. ఉండనివ్వండి, పాడనివ్వండి. టీ వచ్చినట్టుంది.